మేక నోరు నేలకు దిగిన కథ

మన గూడూరు పక్క కాలనీల్లో ఈశాన్య వానలు పట్టుకుంటే ఒకటే మాట వినపడతది: "మేకలకు నట్టలు పట్టినాయి." దవడ కింద నీరు దిగుతుంది. కంటి రెప్ప తిప్పి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంటుంది. కొన్నాళ్లకు పిల్ల పోతుంది, తీసుకున్న అప్పు మిగులుతుంది. ఈ జబ్బుకు ఒక చరిత్ర కూడా ఉంది. అది మనం తెలుసుకోవాలి.

రక్తం తాగే ఆ నట్ట పేరు హీమాంకస్. మేక నాలుగో పొట్టలో ఉంటుంది. ఆడది రోజుకు 5,000కు పైగా గుడ్లు పెడుతుంది. గుడ్లు పెంటికల్లో బయటపడి, తడిలో పొదిగి, పిల్ల పురుగులు గడ్డి పోచలెక్కుతాయి. అయితే అవి పెద్ద ఎత్తుకు పోలేవు, ఎక్కువ భాగం నేలకు జానెడు లోపే. మేకేమో పుట్టుకతో ఆకు మేసే జీవి. ముందుకాళ్లు కొమ్మకు ఆనించి, తల ఎత్తి దూసుకుంటుంది. పురుగు ఉన్నచోట దాని నోరు ఉండదు.

పైగా అది ఇష్టంగా తినే తుమ్మాకు, తుమ్మకాయ వగరు. ఆ వగరే టానిన్. ఒకప్పుడు మద్రాసు పక్క తోళ్లు పదును చేసేవాళ్లు తంగేడు చెక్కను బండ్లకు బండ్లు కొన్నది దీని కోసమే. టానిన్ మాంసకృత్తులను పట్టుకుంటుంది, అందుకే పచ్చితోలు కుళ్లదు. మేక కడుపులో అది పురుగును కూడా పట్టుకుని దాని ఎదుగుదలను, గుడ్లను తగ్గిస్తుంది. తిన్న మేతలో బలం వృథా కాకుండా పేగుదాకా చేరుస్తుంది.

మరి నోరు నేలకు ఎట్లా దిగింది? 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవిలో మేపాలంటే పర్మిట్, పుల్లరి. అడవి అధికారుల కంటికి మేకే పెద్ద శత్రువు, చాలా చోట్ల దాన్ని లోపలికే రానీయలేదు. పల్నాడులో ఆ పుల్లరి మీదే తిరగబడి కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో ప్రాణమిచ్చాడు. మన యానాదులకు శ్రీహరికోట అడవి రాకెట్ కేంద్రంతో పోయింది. అక్కడ మొదటి రాకెట్ లేచింది 1971 అక్టోబరు 9న. మన పెద్దోళ్లు మందలున్నోళ్లు కాదులే, రైతుల పశువులు కాసినోళ్లు. మనకంటూ నాలుగు మేకలు వచ్చేసరికి మిగిలింది కాలవ గట్టు, తడి గడ్డి.

మందు ఉంది కదా అంటారు. 1961లో థయాబెండజోల్ వచ్చింది, మూడేళ్లకే దానికి లొంగని నట్టలు బయటపడ్డాయి. తర్వాత వచ్చిన ఐవర్‌మెక్టిన్‌దీ అదే కథ. అందుకే ఇప్పుడు అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో సెరీసియా అనే వగరు మొక్కను మేకల కోసమే పెంచుతున్నారు.

అట్లాగని మందు మానేయమని కాదు. రెప్ప తెల్లబడిన మేకకు డాక్టరు చెప్పిన మందు పోయాల్సిందే. వగరు మరీ ఎక్కువైనా మేక మేత తగ్గించి చిక్కిపోతుంది. మొత్తం ఎండు మేతలో టానిన్ నూటికి రెండు నుంచి నాలుగు పాళ్లు చాలు, అయిదు దాటితే నష్టం. సుబాబుల్ అయితే మూడో వంతుకు మించొద్దు, అందులో వేరే విషం కూడా ఉంది.

చెరువుల్లో తుమ్మ చెట్లు వేలం పాడినోళ్లు కట్టె తీసుకుపోతారు, ఆకు కొమ్మలు అక్కడే ఎండిపోతాయి. వానలకు ముందే ఆ కొమ్మలు మన దొడ్లకు ఇమ్మని పంచాయతీలో అర్జీ పెడదాం. రాసేది మేం రాస్తాం, సంతకాలకు మీరు రండి.