లాస్ అలమోస్: సినిమాలో లేని మంట

‘ఓపెన్‌హైమర్’ సినిమా చూసినవాళ్ళకి లాస్ అలమోస్ అనగానే 1945 నాటి ట్రినిటీ మంట గుర్తొస్తుంది. నిజానికి ఆ పేలుడు జరిగింది అక్కడికి దాదాపు రెండొందల మైళ్ళ దూరంలో. ఆ ఊరి గుమ్మం దాకా వచ్చిన మంటలు వేరే ఉన్నాయి.

1942 చివర్లో సైన్యం ఈ చోటుని ఎంచుకోవడానికి ముఖ్య కారణం రహస్యం. న్యూమెక్సికోలో ఏడువేల అడుగుల ఎత్తున ఒక పీఠభూమి, దానిమీద ఒక మగపిల్లల బడి, చుట్టూ లోతైన లోయలు, వెనక హెమెజ్ కొండలు, పైన్ అడవి. దాక్కోడానికి ఇంతకంటే ఏం కావాలి? కానీ ఆ అడవికి అప్పటికే ఒక చరిత్ర ఉంది. ముసలి చెట్ల వలయాల్లో మిగిలిన కాలిన మచ్చల్ని బట్టి, 19వ శతాబ్దం చివరిదాకా అక్కడ కొన్నేళ్ళకోసారి నేలబారు మంట వచ్చిపోయేదని తెలుస్తుంది. గడ్డీ, చిన్న మొక్కలూ కాలేవి. పెద్ద చెట్లు తట్టుకునేవి. తర్వాత పశువుల మందలు ఆ గడ్డిని మేసేశాయి. ఆ పైన ప్రభుత్వం కనిపించిన ప్రతి మంటనీ ఆర్పడం మొదలుపెట్టింది. కాలాల్సిందంతా అప్పులా పేరుకుపోయింది.

ఆ అప్పు కొంత తీర్చుదామనే 2000 మే 4న, పక్కనున్న బ్యాండెలియర్‌లో పార్క్ సర్వీస్ వాళ్ళు కావాలనే చిన్న మంట పెట్టారు. మర్నాటికి అది చెయ్యి దాటింది. 10వ తేదీన గాలి దాన్ని ఊరిమీదకి తోసింది. సుమారు 18,000 మంది ఇళ్ళు వదిలి వెళ్ళారు. 400కి పైగా కుటుంబాలకి తిరిగొచ్చేసరికి ఇల్లు లేదు. లాబ్ స్థలంలో దాదాపు 7,500 ఎకరాలు కాలాయి. తొలి బాంబు పనులు జరిగిన వి-సైట్ చెక్క కట్టడాలు చాలావరకు బూడిదయ్యాయి. ఇక్కడ ఊరూ లాబూ వేరు కాదు. లాబ్‌ని కాపాడాల్సినవాళ్ళలో చాలామంది, పిల్లల్ని కారెక్కించి పారిపోవాల్సినవాళ్ళు కూడా.

తర్వాత చెట్లు పలచన చేశారు. 2011లో లాస్ కాంచాస్ మంట లక్షన్నర ఎకరాలకి పైగా తినేసినా, లాబ్ నేలమీద కాలింది ఒక్క ఎకరం. కానీ ఏరియా-జిలో, గుడ్డ డేరాల కింద ఉన్న అణువ్యర్థాల డ్రమ్ములు అందర్నీ భయపెట్టాయి. 2014 జూన్ కల్లా 3,706 ఘనమీటర్ల వ్యర్థాన్ని తరలిస్తామని మాటిచ్చారు. గడువు తరుముకొస్తుండగా, ఆ ఫిబ్రవరిలో, లాబ్ పంపిన డ్రమ్ము ఒకటి కార్ల్స్‌బాడ్ దగ్గరి భూగర్భ నిల్వకేంద్రంలో పగిలింది. తడి పీల్చడానికి అందులో కలిపిన గోధుమ ఆధారిత పిల్లి-ఇసుక, నైట్రేట్ లవణాలతో చర్య జరిపింది. ఆ కేంద్రం దాదాపు మూడేళ్ళు మూతబడింది.

2022లో సెర్రో పెలాడో మంట మళ్ళీ లాబ్‌కి కొద్ది మైళ్ళ దూరం దాకా వచ్చింది. అడవి పలచన చేశాక మిగిలిన కొమ్మల కుప్పల్ని తగలబెడితే, ఆ నిప్పు మంచు కింద రాజుకుంటూ ఉండిపోయి, వసంతంలో లేచిందట. అటవీశాఖ ఈ సంగతి ఒప్పుకున్నది 2023 జులైలో, సరిగ్గా ఆ సినిమా విడుదలైన నెలలో.

దీన్నిబట్టి చెట్లు కొట్టొద్దనీ, డ్రమ్ములు కదపొద్దనీ కాదు. చెట్లు పలచన చేసిన పని 2011లో ఊరిని కాచడానికి తోడ్పడింది. కాకపోతే నూరేళ్ళ అప్పుని గడువు పెట్టుకుని ఒక్క విడతలో తీర్చలేం. ఓపిగ్గా, ఏటేటా, ఎవరూ సినిమా తియ్యని పనిగా చేస్తూ పోవాల్సిందే.