నైరోబీ తెలుగు వెనుక అనంతపురం కథ

2020 లాక్‌డౌన్‌లో ఒక వీడియో ముక్క తెలుగువాళ్ల ఫోన్లన్నీ చుట్టివచ్చింది. ‘మనీ హైస్ట్’ సిరీస్‌లో నైరోబీగా పేరు తెచ్చుకున్న స్పెయిన్ నటి ఆల్బా ఫ్లోరెస్ అందులో తెలుగు మాట్లాడుతోంది. డబ్బింగేమో అనుకున్నవాళ్లూ ఉన్నారు, యాస విని ముచ్చటపడినవాళ్లూ ఉన్నారు. ఆ ముక్క ఎక్కడిదని ఆరా తీసినవాళ్లకు దొరికిన పేరు ‘విసెంతె ఫెర్రర్’. 2013లో స్పెయిన్ ప్రభుత్వ టీవీ ప్రసారం చేసిన టెలిఫిల్మ్ అది. దాని కథ జరిగింది మన అనంతపురంలో.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు పల్లెల్లో ‘విసెంతె’ అంటే ఎంతమంది గుర్తుపడతారో కానీ, ‘ఆర్డీటీ ఫాదర్’ అంటే తెలియనివాళ్లు తక్కువ. టెలిఫిల్మ్‌కు పేరిచ్చిన విసెంతె ఫెర్రరే ఆయన. 1920 ఏప్రిల్ 9న బార్సిలోనాలో పుట్టాడు. మీసాలు మొలిచే వయసులోనే స్పెయిన్ అంతర్యుద్ధంలో సైన్యానికి పోవాల్సి వచ్చింది. ఆ తర్వాత జెసూట్ సంఘంలో చేరి, 1952లో బొంబాయిలో ఓడ దిగాడు. మహారాష్ట్రలోని మన్మాడ్ చుట్టుపక్కల రైతులతో బావులు తవ్వించాడు. తవ్వినన్నాళ్లు వాళ్ల కడుపు నిండేందుకు గోధుమలు, నూనె సమకూర్చాడు. నీళ్లు పడ్డాయి, పేరొచ్చింది, ఆ పేరుతోపాటే శత్రువులూ పుట్టారు. 1968లో దేశం విడిచి పొమ్మని ఉత్తర్వు వచ్చింది. ఆయన్ని పంపొద్దంటూ వేలాది రైతులు మన్మాడ్ నుంచి బొంబాయికి కాలినడకన బయల్దేరారు. ఇందిరాగాంధీ జోక్యంతో, కొన్నాళ్లు బయటికి వెళ్లి మళ్లీ రావచ్చన్న మధ్యేమార్గం కుదిరింది.

ఆ గొడవల మధ్యే ఆయన్ని ఇంటర్వ్యూ చేయడానికి ఒక ఇంగ్లిష్ యువతి వచ్చింది. ‘కరెంట్’ పత్రికలో పనిచేస్తున్న ఆ విలేకరి పేరు ఆన్ పెర్రీ. వార్త రాయడానికి వచ్చిన మనిషి ఆ పనిలోనే ఉండిపోయింది. 1969లో ఫెర్రర్ అనంతపురం చేరాడు, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ) మొదలైంది. మరుసటి ఏడాది ఆయన జెసూట్ సంఘం నుంచి బయటికొచ్చి ఆన్‌ను పెళ్లి చేసుకున్నాడు. మతగురువు పదవి వదిలేసినా ఊళ్లలో ‘ఫాదర్’ అన్న పిలుపు మాత్రం పోలేదు.

వానలు మొహం చాటేసే జిల్లాల లెక్క తీస్తే రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత చెప్పుకునే పేరు అనంతపురం. ఇక్కడ దిగిన ఇంట్లో గోడ మీద ‘అద్భుతం కోసం ఎదురుచూడు’ అన్న రాత కనిపించిందనీ, ఎదురుచూస్తూ కూర్చోవడం ఆయనకు నచ్చలేదనీ చెప్పుకుంటారు. కట్టలు, చెరువులు, బడులు, వైద్యశాలలు, పక్కా ఇళ్లు ఒకటొకటిగా వచ్చాయి. ఆర్డీటీ కట్టించిన ఇల్లు ఆడమనిషి పేరున రాస్తారు. 2000లో ధర్మవరానికి దగ్గర్లోని బత్తలపల్లిలో పెద్దాసుపత్రి తెరుచుకుంది. అటు హిందూపురం, ఇటు కదిరి నుంచి కూడా రోగులు అక్కడికి వస్తారు.

ఈ కథ స్పెయిన్ ఇళ్లలోకి చేరిన దారి వేరు. నటులు రాకముందు అసలు మనుషులే అక్కడి జనానికి తెలుసు. 1996లో అక్కడ ఫెర్రర్ పేరిట ఫౌండేషన్ ఏర్పడింది. 1998లో ఆయనకు ప్రిన్స్ ఆఫ్ ఆస్తూరియాస్ పురస్కారం దక్కింది. వేలాది స్పెయిన్ కుటుంబాలు నెలనెలా కొంత డబ్బు పంపి ఇక్కడి పిల్లల చదువుకు తోడు నిలిచాయి. పంపిన డబ్బు ఏ పిల్లకు చేరిందో చూద్దామని బెంగళూరులో విమానం దిగి, పెనుకొండ మీదుగా అనంతపురం వచ్చినవాళ్లూ ఉన్నారు. టెన్నిస్ ఆటగాడు రాఫెల్ నాదల్ ఫౌండేషన్ 2010లో అనంతపురంలో టెన్నిస్ బడి పెట్టిందీ ఈ బంధంతోనే.

2009 జూన్ 19న ఫెర్రర్ అనంతపురంలో కన్నుమూశాడు, సమాధి బత్తలపల్లిలో కట్టారు. నాలుగేళ్లకు టెలిఫిల్మ్ వచ్చింది. స్పెయిన్ ఇళ్లలో బాగా తెలిసిన నటుడు ఇమనోల్ అరియాస్ ఫెర్రర్‌గా, ఐదా ఫోల్చ్ ఆన్‌గా నటించారు. ఆల్బా ఫ్లోరెస్‌ది షమీరా అనే తెలుగు దళిత యువతి వేషం. ఆల్బా తాత ముత్తాతలది పాటల, నాట్యాల ఇల్లు, నాయనమ్మ లోలా ఫ్లోరెస్ పేరు స్పెయిన్‌లో మారుమోగినది. అయినా ఈ వేషం కోసం ఆమె కొత్త భాషను నోట పట్టాల్సి వచ్చింది. ‘మనీ హైస్ట్’కు అప్పటికి ఇంకా నాలుగేళ్లు ఉంది.

నిజమనిషి బతుకును తెరమీద ఆడించేటప్పుడు కొంత కోత, కొంత అతుకు తప్పవు. డాక్యుమెంటరీలో మనిషి తడబాటు, మౌనం, నడక ఆ మనిషివే. టెలిఫిల్మ్‌లో యాభై ఏళ్ల పని గంటన్నరలోకి కుదించుకుపోతుంది, పదిమంది చేసిన పని ఒక పాత్రకు అతుక్కుంటుంది. స్పెయిన్ ప్రేక్షకుడికి కావాల్సింది స్పెయిన్ నాయకుడు కాబట్టి కెమెరా ఆయన వెంటే నడుస్తుంది. అందుకు ఆ సినిమా తీసినవాళ్లను తప్పుపట్టలేం. కానీ షమీరా అన్న పేరు మన దళితవాడల్లో అరుదు. ఇక్కడి ఆడవాళ్ల పాత్రకు తెలుగు నేర్చుకున్న విదేశీ నటి కావాల్సి వచ్చిందన్నది మనం ఆలోచించాల్సిన మాట.

తట్ట మోసి కట్ట పోసిన చేతులు మన ఊళ్లవే. ఫాదర్‌తో పాటు తిరిగిన ఆరోగ్య కార్యకర్తలు, తొలి తరం టీచర్లు, సంఘాలు నడిపిన ఆడవాళ్లు ఇప్పుడు పెద్దవయసువాళ్లు. వాళ్ల మాటల్ని వాళ్ల యాసలోనే కెమెరాకెక్కించే పని తెలుగులో జరగాలి. కథను బొమ్మకట్టి ఆడించే విద్య ధర్మవరం పక్క తోలుబొమ్మలాటల ఊరు నిమ్మలకుంటకు కొత్త కాదు. ఆల్బా తెలుగు విని ముచ్చటపడిన మనం, ఆ తెలుగు ఎవరి నోటిదో వాళ్ల కథ కూడా వినాలి. అది చిత్రీకరించాల్సినవాళ్లు స్పెయిన్‌లో లేరు, హిందూపురంలోనో పెనుకొండలోనో ఉన్నారు. ఇంకో పదేళ్లు ఆగితే చెప్పేవాళ్లు మిగలరు.