ముహూర్తం కుదిరింది, టైమ్‌టేబులే కుదర్లేదు

1846 సెప్టెంబర్ 18, శుక్రవారం. తెల్లారితే లండన్ విడిచి పారిపోవాలి. గుట్టుగా పెళ్లి చేసుకుని అప్పటికి ఆరు రోజులు. సరిగ్గా ఆ వేళకి పెళ్లికొడుకు, ఇంగ్లీషు కవి రాబర్ట్ బ్రౌనింగ్ ఓ తప్పు చేశాడు. సౌతాంప్టన్ రేవు నుంచి ఫ్రాన్స్ వెళ్లే స్టీమర్ల రోజులు చూడబోయి, ఒక కంపెనీవి ఇంకో కంపెనీవనుకున్నాడు. ఆ లెక్కనే బయల్దేరి ఉంటే, లేని ఓడ కోసం రేవులో పడిగాపులు పడాల్సి వచ్చేది.

తప్పు పట్టుకున్నది పెళ్లికూతురు ఎలిజబెత్ బారెట్. ఆమే కవయిత్రి. వయసు నలభై. పెళ్లికొడుకు కన్నా ఆరేళ్లు పెద్ద. ఏళ్ల తరబడి వింపోల్ స్ట్రీట్ 50వ నంబరు ఇంట్లో, మేడ మీది గదిలో సోఫాకే అంటిపెట్టుకుపోయిన మనిషి. ప్రపంచమంతా ఉత్తరాల్లోనే చూసిన ఆమెకు ఓడల వేళలు తెలిశాయి. లోకం చుట్టిన అతనికి తెలియలేదు. బతికించావంటూ రాబర్ట్ జవాబు రాశాడు. ఈసారి రైల్వే పట్టిక ఎదురుగా పెట్టుకుని, ఆనాటి ‘టైమ్స్’ పత్రికలో ప్రకటన చూసి మరీ రాశాడు. రైలు నైన్ ఎల్మ్స్ స్టేషన్లో సాయంత్రం అయిదింటికి. సౌతాంప్టన్ చేరేది ఎనిమిదికి. ఓడ తొమ్మిదికి. స్టేషన్ తలుపులు అయిదు నిమిషాల ముందే మూసేస్తారు, జాగ్రత్త!

అలా మొదలైన ప్రయాణం ఇటలీలోని పీసా నగరం చేరేసరికి అక్టోబర్ నడిమి రోజులొచ్చాయి.

మందు తెలుసు, అనుమతే లేదు

నిజానికి పీసా పేరు ముందు చెప్పింది ప్రేమికుడు కాదు, డాక్టరు. లండన్ చలి ఈమె ఊపిరితిత్తులకు పడదు, చలికాలం వెచ్చని దేశంలో గడపాలి అని 1845లోనే సలహా ఇచ్చారు. తండ్రి ఎడ్వర్డ్ బారెట్ ఒప్పుకోలేదు. ఆయనకు పన్నెండు మంది పిల్లలు. కొడుకైనా కూతురైనా ఎవరూ పెళ్లి చేసుకోకూడదన్నది ఆ ఇంటి శాసనం. కారణం ఎవరికీ చెప్పలేదు, అడిగే ధైర్యమూ ఎవరికీ లేదు.

రాబర్ట్ మొదటి ఉత్తరం ఆ ఇంటికి వచ్చింది 1845 జనవరిలో. ఆమె కవిత్వం చదివి, కవయిత్రినీ ప్రేమిస్తున్నానని అందులోనే చెప్పేశాడు. మే 20న మొదటిసారి ఎదురుపడ్డారు. ఇరవై నెలల్లో ఇద్దరి మధ్యా నడిచిన ఉత్తరాలు 574. ఇటలీ వెళ్దామని ఇద్దరికీ ఉంది. ఎప్పుడన్నదే తేలలేదు. చివరికి తండ్రే తేల్చాడు. ఇంటికి రంగులు వేయించాలి, అందరూ పల్లెకు మకాం మార్చండి అని సెప్టెంబర్ 9న హుకుం జారీ చేశాడు. మర్నాడే పెళ్లి లైసెన్సు తెస్తానన్నాడు రాబర్ట్.

ఆ గొడవకు ముందు ఇంకో గొడవ. ఎలిజబెత్ పెంపుడు కుక్క ఫ్లష్‌ను దొంగలు ఎత్తుకుపోయారు. లండన్‌లో అప్పట్లో పెద్దింటి కుక్కల్ని పట్టుకుపోయి డబ్బు గుంజడం ఓ వ్యాపారం. ఫ్లష్‌కిది మూడోసారి. దొంగలకు లొంగొద్దని తండ్రి, తమ్ముళ్లు అన్నారు. రాబర్ట్ కూడా అదే పాట పాడాడు. ఎలిజబెత్ ఎవరి మాటా వినలేదు. పనిమనిషి విల్సన్‌ను వెంటబెట్టుకుని, అద్దె బండి కట్టించుకుని, దొంగలుండే షోర్‌డిచ్ పేటకు స్వయంగా పోయింది. గుమిగూడిన జనం మధ్య బండిలో కూర్చునే బేరమాడింది. చివరికి ఆరు గినీలకు కుక్క ఇంటికొచ్చింది. మెట్లు దిగలేని రోగి అని ఇల్లంతా అనుకుంటున్న మనిషి చేసిన పని ఇది.

ఎవరి ఇంటికి వాళ్లు

సెప్టెంబర్ 12, శనివారం. ఇంటి నుంచి చర్చి ఎంతో దూరం లేదు. ఆ కొంత దూరంలోనే ఆమెకు కళ్లు తిరిగాయి. దారిలో మందుల షాపు దగ్గర ఆగి, స్పృహ తప్పకుండా వాసన చూసే మందు కొనాల్సి వచ్చింది. సెయింట్ మేరిల్‌బోన్ చర్చిలో పెళ్లి. సాక్షులు ఇద్దరే: ఆమె తరఫున విల్సన్, అతని తరఫున ఓ బంధువు. పెళ్లయ్యాక కొత్త దంపతులు చర్చి ముందు విడిపోయి ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. ఇంటికొచ్చే ముందు ఆమె ఉంగరం తీసి దాచేసింది.

ఆ వారమంతా రాబర్ట్ ఆ గుమ్మం తొక్కలేదు. వస్తే తలుపు దగ్గర ‘మిస్ బారెట్ ఉన్నారా’ అని అడగాలి. పెళ్లాన్ని పట్టుకుని ఆ మాట అనడానికి నోరు రాలేదట. చెల్లెళ్లకు ప్రేమ సంగతి తెలుసు కానీ, రోజు మాత్రం చెప్పలేదు. తండ్రి నిలదీస్తే మాకు తెలియదని నిజాయితీగా చెప్పగలగాలని.

సెప్టెంబర్ 19 మధ్యాహ్నం ఎలిజబెత్, విల్సన్ మెట్లు దిగారు. విల్సన్ చేతుల్లో ఫ్లష్. కుక్క మొరిగితే కథ కంచికే. మొరగలేదు. దగ్గర్లోని పుస్తకాల షాపులో రాబర్ట్ ఎదురు చూస్తున్నాడు. దారి ఖర్చులకని తన తండ్రి దగ్గర అప్పు తెచ్చుకున్న వంద పౌండ్లు అతని దగ్గరున్నాయి. బరువు తగ్గించమని అతను మరీమరీ చెప్పినా ఆమె ఒక మూట మాత్రం వదల్లేదు. అవి రాబర్ట్ రాసిన ఉత్తరాలు.

సామాను ముందుకు, మనుషులూ ముందుకే

ఓడ ఎక్కగానే సముద్రం తన ప్రతాపం చూపించింది. రాత్రంతా తుపాను. ల హావ్ర్ రేవులో దిగేసరికి ముగ్గురికీ ప్రాణం కడబట్టింది. కాఫీ తాగి, పగలంతా నడుం వాల్చి, రాత్రి తొమ్మిదికి డిలిజెన్స్ ఎక్కారు. ఊళ్ల మధ్య తిరిగే పెద్ద గుర్రబ్బండి అది. ఓసారి అయిదు గుర్రాలు, ఓసారి ఏడు. పగ్గాలు వదులుగా వేలాడుతూ, జూలు విదిలిస్తూ వెన్నెల్లో పరుగెత్తే ఆ గుర్రాల్ని చూసి ఆమెకు నిద్ర ఎగిరిపోయింది.

రూవాన్ ఊళ్లో రాత్రికి ఆగి పడుకోవాలన్నది ప్లాను. అక్కడికి చేరాక ఎక్కడో లెక్క తప్పిందని తెలిసింది. ఉంటే మీరు ఉండొచ్చు కానీ సామాను పారిస్ పోతుందన్నారు. చేసేది లేక ముందుకే సాగారు. మధ్యలో దొరికింది ఇరవై నిమిషాలు. ఆమె నడవలేని స్థితిలో ఉంది. రాబర్ట్ ఆమెను చేతుల మీద ఎత్తుకుని, అటూ ఇటూ వరుసగా నిలబడి వింతగా చూస్తున్న జనం మధ్య నుంచి విశ్రాంతి గదిలోకి తీసుకెళ్లాడు. కాఫీ అయ్యాక మళ్లీ అలాగే మోసుకొచ్చాడు. ఈలోగా వాళ్లొచ్చిన బండినే అమాంతం రైలు మీదికెక్కించారు. అలా పట్టాల మీద పారిస్.

అక్కడ అనా జేమ్సన్ ఉంది. కళల మీద పుస్తకాలు రాసే పేరున్న రచయిత్రి. కొద్ది వారాల క్రితమే ఇటలీ తీసుకెళ్తానని ఆమె అంటే ఎలిజబెత్ ఏదో సాకు చెప్పి తప్పించుకుంది. ఇప్పుడు జేమ్సన్ హోటల్‌కు రాబర్ట్ చీటీ పంపాడు: మీ స్నేహితురాలిని, నా భార్యను, వచ్చి చూడండని. జేమ్సన్ నివ్వెరపోయింది. ఇద్దరూ కవులే, ఈ లోకంలో ఎలా నెట్టుకొస్తారో దేవుడికే తెలియాలని బాధపడింది. వీళ్లను ఇలా వదిలేస్తే లాభం లేదనుకుని, చెల్లెలి కూతురితో సహా పీసా దాకా తోడు బయల్దేరింది.

పది నిమిషాలు

ఓర్లియాన్‌లో ఇంటి ఉత్తరాల కట్ట కాచుకుని ఉంది. పక్కన కూర్చుంటానని రాబర్ట్ బతిమాలాడు. ఆమె ఒప్పుకోలేదు, పది నిమిషాలు బయటికి వెళ్లమంది. చేతులు చల్లబడిపోయాయి. కవరు విప్పడం మరణశిక్ష ఉత్తర్వు విప్పినట్టుందని తర్వాత చెల్లెళ్లకు రాసింది. తండ్రి ఉత్తరం, తమ్ముడు జార్జ్ ఉత్తరం కత్తుల్లా ఉన్నాయి. చెల్లెళ్ల ఉత్తరాలే ఊరట. తండ్రి మళ్లీ ఆమె ముఖం చూడలేదు. తర్వాత ఆమె రాసిన ఉత్తరాలన్నీ సీలు విప్పకుండానే 1851లో తిప్పి పంపేశాడు.

ఇంత దెబ్బ తిన్న మనిషి మంచం పట్టాలి. పట్టలేదు. బండి మారినా, ఊరు మారినా, రోన్ నది మీద వానలో స్టీమర్ ప్రయాణమైనా ఆమె తట్టుకుంటూ వచ్చింది. అవిన్యోన్ దగ్గర వోక్లూజ్‌లో పెట్రార్క్ కవి నివసించిన సెలయేటి ఒడ్డుకు వెళ్లారు. రాబర్ట్ ఆమెను ఎత్తుకుని, పాదాల లోతు నీళ్లలో నడిచి, ప్రవాహం మధ్య బండరాయి మీద కూర్చోబెట్టాడు. అమ్మగారు నీళ్లలోకి పోతోందని ఫ్లష్ వెనకాలే దూకేసింది. పెట్రార్క్ పేరు మీద కుక్కకు బాప్టిజం అయిందని ఆమె నవ్వుకుంటూ రాసింది.

మార్సెయ్‌లో ఓడెక్కి, జెనోవా మీదుగా లివోర్నో చేరి, అక్కడి నుంచి రైల్లో పీసా. ఆ ఊరి పెద్ద చర్చి డ్యుమో దగ్గర్లోని పాత కాలేజీ భవనంలో గదులు తీసుకున్నారు. వంట గొడవ లేదు, భోజనం హోటల్ నుంచే వచ్చేది. ఆమెకు ఒళ్లు మెరుగుపడటం కాదు, మనిషే మారిపోయిందని జేమ్సన్ అక్కడి నుంచి రాసింది. దారిలో ఓడ, బండి, సామాను, ప్లాను అన్నీ మొండికేశాయి. మొండికేస్తుందని అందరూ భయపడ్డ ఒంటికే ఏమీ కాలేదు. ఊపిరితిత్తులకు కావలసిన గాలి వింపోల్ స్ట్రీట్ తలుపు ఇవతలే ఉందన్నమాట!

ఈ కష్టాలతో బుద్ధి వచ్చిందా అంటే లేదు. 1847 ఏప్రిల్లో ఫ్లోరెన్స్‌కు మారారు. జూలైలో ఎండలు భరించలేక వల్లంబ్రోజా కొండ మీది మఠంలో ఉండొచ్చనుకున్నారు. చక్రాలు లేని బుట్టల్లాంటి బండ్లలో, తెల్లెద్దులు లాగుతుండగా ఎలిజబెత్, విల్సన్ పైకెక్కారు. అయిదు మైళ్లకు నాలుగు గంటలు పట్టింది. మఠాధిపతి కొత్తగా వచ్చాడు, ఆడవాళ్ల నీడ పడకూడదంటాడు. ఎంత బతిమాలినా అయిదు రోజులకే మూట కట్టించాడు. వచ్చిన దారినే దిగి ఫ్లోరెన్స్ చేరారు. రెండేళ్లకు, నలభై మూడేళ్ల వయసులో ఆమె ఓ మగబిడ్డను కన్నది. ఆ వేసవిలో వాణ్నీ చంకనేసుకుని మళ్లీ కొండల దారి పట్టారు.