మా ఇంట్లో లా చదువు: ప్లీడరు పరీక్ష నుంచి క్లాట్ దాకా

మా ముత్తాత కోలారు కోర్టు దగ్గర చెట్టు కింద కూర్చుని అర్జీలు రాసేవాడు. వకీలు కాదు, వకీలు గుమాస్తా కూడా కాదు. ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళు తెలుగులో గోడు చెప్పుకుంటే, దాన్ని కన్నడంలో కాగితం మీద పెట్టడం ఆయన పని. ఇంట్లో తెలుగు, కాగితం మీద కన్నడం, పైకోర్టుకు పోతే ఇంగ్లీషు. ఈ మూడో మెట్టు ఆయన ఎక్కలేదు. చట్టం ఆయనకు వకీళ్ళకంటే బాగా తెలుసని మా అవ్వ చెప్పేది. అవ్వ మాట గదా, సగం తీసేసినా మిగిలినది తక్కువేమీ కాదు.

ఈ ఏడు మా పెద్దన్న కూతురు క్లాట్ రాస్తా ఉంది. దాని అప్లికేషన్ నింపడానికి ఇంటిల్లిపాదీ కూర్చున్నప్పుడే, ఈ లా చదువు గుమ్మం మా ఇంటిముందు ఎన్నిసార్లు ఎట్లా మారిందో రాసి పెట్టుకోవాలనిపించింది.

ముత్తాత కాలంలో వకీలు కావడానికి మెట్లుండేవి. బ్రిటిష్ ఇండియాలో 1879 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టం కింద వకీళ్ళు వేరు, ప్లీడర్లు వేరు, ముక్తార్లు వేరు. వీళ్ళందరికీ పైన బారిస్టర్లు. టంగుటూరి ప్రకాశం గారి కథ తెలుగువాళ్ళకు కొత్త కాదు. ఆయన మొదట సెకండు గ్రేడు ప్లీడరు. రాజమండ్రిలో చేతినిండా పని ఉన్నా ఆ పట్టాతో హైకోర్టులో నిలబడి వాదించే వీల్లేదు. అందుకే 1904లో ఇంగ్లాండుకు పోయి బారిస్టరై వచ్చినాడు. అంత పేరున్న మనిషికే ఒక మెట్టు దాటడానికి సముద్రం దాటాల్సి వచ్చింది. మాది మైసూరు సంస్థానం, పద్ధతులు వేరు. అయినా పెద్ద చదువంటే మద్రాసో పూనానో చూసుకోవాలి. మా జిల్లాలో క్యాసంబళ్ళికి చెందిన కె.సి. రెడ్డి గారు న్యాయశాస్త్రం చదివి రాజకీయాల్లోకి వచ్చి, 1947లో మైసూరు రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయినాడు. ఆయనకు భూమి ఉండేది. మా ముత్తాతకు పలక లాంటి చెక్కపెట్టె, సిరాబుడ్డి ఉండేవి.

1961లో అడ్వొకేట్స్ చట్టం వచ్చి ఈ మెట్లన్నీ తీసేసి అందరినీ 'అడ్వొకేటు' అనే ఒక్క పేరు కిందికి తెచ్చింది. ఆ తరువాతి ముప్పై ఏళ్ళు లా కాలేజీలో చేరడానికి పరీక్ష అనే మాట మా వైపు పెద్దగా వినబడలేదు. డిగ్రీ ఉంటే చాలు. మా చిన్నతాత బెంగళూరులో పగలు గుమాస్తా పని చేస్తూ సాయంత్రం కాలేజీలో లా చదివినాడు. మార్కుల కార్డు చూపించి ఫీజు కట్టినాడు, అంతే. అప్పట్లో లా అంటే 'ఏదీ దొరకనివాడి చదువు' అని ఎగతాళి చేసేవాళ్ళు. ఆ ఎగతాళి వల్లే మా వాళ్ళలాంటివాళ్ళకు లోపల చోటు దొరికిందేమో. చిన్నతాత కోలారులో కన్నడంలో వాదించినాడు, కక్షిదారులతో తెలుగులో మాట్లాడినాడు, ఇంగ్లీషు తీర్పులు నిఘంటువు పక్కన పెట్టుకుని చదివినాడు. పేరు బాగానే తెచ్చుకున్నాడు.

ఆ ఎగతాళిని మార్చాలనే బార్ కౌన్సిల్ ఐదేళ్ళ లా కోర్సు ఆలోచన చేసింది. దానికి నమూనాగా 1986లో కర్ణాటక శాసనసభ చట్టం చేసి బెంగళూరులో నేషనల్ లా స్కూల్ పెట్టింది. 1988లో మాధవ మీనన్ గారి ఆధ్వర్యంలో తరగతులు మొదలైనాయి. పన్నెండో తరగతి తరవాత ఐదేళ్ళు, దేశమంతటి నుంచి పిల్లలు, చేరాలంటే ప్రవేశ పరీక్ష. ఏళ్ళ తరబడి ఏడాదికి 80 సీట్లే. 1998లో హైదరాబాదులో నల్సార్ వచ్చింది. భోపాల్, కోల్‌కతా, జోధ్‌పూర్ ఇట్లా పెరుగుతా పోయినాయి. ఎవరి పరీక్ష వాళ్ళది, ఎవరి అప్లికేషన్ ఫీజు వాళ్ళది.

మా పెద్దన్న పి.యు.సి. చదివేటప్పుడు ఈ లా స్కూలు మా ఊరికి డెబ్భై కిలోమీటర్ల లోపే ఉంది. ఆయనకు చిన్నతాతను చూసి లా మీద మోజు. పదో తరగతి దాకా కన్నడ మాధ్యమం, మార్కులు మంచివి. బెంగళూరుకు పోయి ఫారం తెచ్చుకున్నాడు కూడా. పాత ప్రశ్నపత్రం ఒకటి ఎవరో ఇస్తే చూసి, రెండు రోజులు మాట్లాడకుండా ఉండి, ఫారం బీరువాలో పెట్టేసినాడు. మేము అప్పుడు చిన్నపిల్లలం. ఆ ఫారం వెనక ఖాళీ పేజీ మీద మేము క్రికెట్ స్కోరు రాసుకున్నాం. ఎందుకు రాయలేదని ఆయన్ను ఎవరూ అడగలేదు. ఇప్పుడు హైస్కూల్లో సోషల్ చెబుతాడు. రాజ్యాంగం పాఠం వచ్చినప్పుడు పీరియడు దాటి మాట్లాడతాడని ఆయన శిష్యులే చెబుతారు.

వేరు వేరు పరీక్షల బాధ ఒక్క మా ఇంటిది కాదు. తేదీలు ఒకదానిమీద ఒకటి పడటం, ఊరూరూ తిరగాల్సి రావడం, ప్రతిచోటా ఫీజు. 2006లో వరుణ్ భగత్ అనే విద్యార్థి పేరుతో సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. 2007 నవంబరులో ఏడు లా విశ్వవిద్యాలయాలు ఉమ్మడి పరీక్షకు ఒప్పందం చేసుకున్నాయి. 2008 మే నెలలో మొదటి కామన్ లా అడ్మిషన్ టెస్ట్, అదే క్లాట్, జరిగింది. ఒక ఫారం, ఒక పరీక్ష, ఒక ర్యాంకు, కాలేజీల పేర్లు మాత్రం ఇష్టం వచ్చిన వరసలో రాసుకోవడం. ఇప్పుడు దీని కింద ఇరవైకి పైగా విశ్వవిద్యాలయాలున్నాయి. ఢిల్లీ ఎన్‌ఎల్‌యూ మాత్రం తన పరీక్ష తానే పెట్టుకుంటుంది. దారిఖర్చు తగ్గించిన మార్పు ఇది. మా పెద్దన్నకు పదేళ్ళు ఆలస్యంగా వచ్చింది.

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌తో బతికేవాళ్ళం కాబట్టి మాకు 2018 క్లాట్ మరిచిపోలేని ఏడు. పరీక్ష కంప్యూటర్ మీద. కొన్ని కేంద్రాల్లో లాగిన్ ఆగిపోవడం, తెర నిలిచిపోవడం, నిమిషాలు పోవడం. పిల్లలు సుప్రీంకోర్టుకు పోయినారు. ఎవరికి ఎంత సమయం పోయిందో లెక్కకట్టి, మిగిలిన సమయంలో వాళ్ళు జవాబులు రాసిన తీరును బట్టి మార్కులు కలపమని జూన్‌లో కోర్టు ఒక సూత్రానికి ఒప్పుకుంది. ఆఫీసులో మేము లోడ్ టెస్టింగ్ అని విసుగుపడుతూ చేసే పనికి ఇంత విలువుందని ఆ రోజు తెలిసింది. మరుసటి ఏడు పరీక్ష కాగితం మీదికి వచ్చేసింది. 2020లో కోవిడ్ వల్ల క్లాట్ వాయిదాలు పడుతుంటే నేషనల్ లా స్కూల్ సొంతంగా, ఇంటినుంచే రాసే 45 నిమిషాల పరీక్ష పెట్టింది. ఇంట్లో కంప్యూటరు, ఆగని నెట్టు ఉన్నవాళ్ళకే అది పరీక్ష. సెప్టెంబరు 21న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. వారం తరవాత అందరితోపాటు క్లాటే జరిగింది.

ఆ 2020 నుంచే ఇంకో మార్పు. దీని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు గానీ మా ఇంటికి ఇదే పెద్దది. అంతకు ముందు 200 ప్రశ్నలు, ఎక్కువ భాగం చిన్నవి. జనరల్ నాలెడ్జి, లాటిన్ చట్ట పదాలు, లెక్కలు. కన్నడ మాధ్యమం పిల్ల కూడా రెండేళ్ళు కంఠస్థం పెడితే కొంతదూరం రాగలదు. కొత్త పద్ధతిలో అన్నీ పాసేజీలే, ఒక్కోటి 450 పదాల దాకా. ప్రశ్నలు మొదట 150, 2024 పరీక్షనుంచి 120. సమయం రెండు గంటలే. తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. వకీలు పనే చదవడం గదా, చదవగలడా లేదా అని చూడటంలో తప్పేముంది అంటారు. నిజమే. కానీ ఇక్కడ కొలుస్తున్నది ఇంగ్లీషు చదివే వేగాన్ని.

అదెట్లాగో మా పిల్లతోనే చూసినాం. లీగల్ రీజనింగ్‌లో ఒక సూత్రం ఇస్తారు, ఒక సంఘటన చెబుతారు, ఆ సూత్రాన్ని దీనికి ఎట్లా పెడతావో చూస్తారు. చట్టం ముందే తెలిసి ఉండక్కర లేదు. పశువు పక్కవాడి పొలంలో పడి మేస్తే నష్టం యజమాని కట్టాలి, కానీ పొలంవాడే కంచె తీసి ఉంటే కాదు అనే లాంటి సూత్రం ఒకటి మాక్ పరీక్షలో వచ్చింది. ఇంగ్లీషులో చదివి జవాబు పెట్టడానికి దానికి మూడు నిమిషాలు పట్టింది, అదీ తప్పు. అదే కథ మేము తెలుగులో చెబితే సగం వినంగానే, "కంచె ఎవరు తీసినారు చిన్నాయనా, కూలివాడా, యజమానా? యజమాని చెప్పి తీయించినాడా?" అని అడిగింది. సరిగ్గా ఆ ప్రశ్న మీదే జవాబు ఆధారపడి ఉంది. మా పెద్దన్న లేచి బయటికి పోయి తులసికోట దగ్గర నిలబడినాడు.

నీట్‌ను 13 భాషల్లో రాయొచ్చు, అందులో కన్నడం, తెలుగు రెండూ ఉన్నాయి. క్లాట్ మాత్రం ఇంగ్లీషులోనే. వేరే భాషల్లోనూ పెట్టమని 2023లో ఢిల్లీ హైకోర్టుకు పోయినవాళ్ళున్నారు. అయితే మా తెలుగు మాటకు వస్తే ఇంకో చిక్కుంది. ఆంధ్ర, తెలంగాణ లాసెట్ పేపర్లో ఇంగ్లీషు పక్కన తెలుగు ఉంటుంది. 90 నిమిషాలు, 120 ప్రశ్నలు, సగం చట్టం మీద అభిరుచి చూసేవి. వినగానే అవ్వ, "మన భాషలో పరీక్ష అంట, అక్కడ రాయించండి" అనింది. కానీ ఆ పిల్లకు తెలుగు చదవడం రాదు. మాకూ ఉద్యోగంలో చేరినాకనే వచ్చింది. కన్నడ అక్షరాలు వచ్చినవాడికి తెలుగు లిపి నెల రోజుల పని, తలకట్టు తేడా పట్టుకుంటే చాలు. పరీక్ష పేపరు భాష మాత్రం నెలలో రాదు. 'అపకృత్యం' అంటే ఏమిటని మా ఇంట్లో ఎవరినడిగినా చెప్పలేరు. పైగా అక్కడి సీట్లు ఎక్కువగా అక్కడి స్థానికులకే. స్థానికులంటే తెలుగువాళ్ళని కాదు, అక్కడి బళ్ళో చదివినవాళ్ళని.

ఇక్కడి లెక్కా అదే. 2020లో కర్ణాటక శాసనసభ నేషనల్ లా స్కూల్లో 25 శాతం సీట్లు కర్ణాటక విద్యార్థులకు ఇవ్వాలని చట్టం సవరించింది. హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది. తరవాత 2021నుంచి విశ్వవిద్యాలయమే తన విధానంగా ఆ 25 శాతం పెట్టుకుంది. కర్ణాటక విద్యార్థి అంటే ఈ రాష్ట్రంలో పదేళ్ళు చదివినవాళ్ళు. ఇంట్లో ఏం మాట్లాడతారని ఎవరూ అడగరు. తరాలుగా ఇక్కడే ఉండి 'మీది ఆంధ్రానా?' అనే ప్రశ్న వింటా వచ్చినవాళ్ళం. ఆ ఫారంలో మాత్రం మేము మారు మాట లేకుండా కర్ణాటకవాళ్ళం. పెద్దన్న ఆ గడి చూసి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివినాడు.

ఇట్లా అప్లికేషన్ పూర్తి చేసినాం. ఫీజు 4000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, బీపీఎల్ వాళ్ళకు 3500. సీటు వస్తే కట్టాల్సింది ఏడాదికి లక్షల్లో. విద్యాలక్ష్మి, బ్యాంకు లోను, చెరువు కింద ముక్క అని మూడు దారులు అనుకున్నాం. మూడోది అవ్వ ఒప్పుకోదు. రాకపోతే ఏమి? కోలారులోనో బెంగళూరులోనో కర్ణాటక స్టేట్ లా యూనివర్సిటీ కింది కాలేజీలున్నాయి, పి.యు.సి. మార్కులతోనే చేరొచ్చు. చిన్నతాత ఆ దారిలోంచే వచ్చినాడు. కింది కోర్టుల్లో కావలసింది ఇప్పటికీ కన్నడమే. ఈ మాట పిల్లతో చెప్పినాం. అది 'సరే' అనింది గానీ గోడమీద అంటించిన కాలేజీల వరసలో మొదటి పేరు చెరపలేదు.

చదువు మేము టెస్టర్ల పద్ధతిలోనే చేయిస్తున్నాం. ప్రతి మాక్ తరవాత తప్పులన్నీ ఒక షీట్‌లో: తెలియక తప్పు, చదవక తప్పు, టైము లేక తప్పు. మొదటి నెలలో 120కి 64 మాత్రమే చూడగలిగింది, మిగిలినవి తాకనే లేదు. ఇప్పుడు 97 చూస్తా ఉంది. పొద్దున ఒక ఇంగ్లీషు సంపాదకీయం గడియారం పెట్టుకుని చదవడం, అదే సంగతి కన్నడ పేపర్లో చదవడం, రాత్రి అవ్వకు తెలుగులో చెప్పడం. అవ్వకు సుప్రీంకోర్టు వార్తలన్నీ వచ్చేసినాయి. గవర్నరు బిల్లును ఎన్నాళ్ళు పెట్టుకోవచ్చని మొన్న మమ్మల్నే అడిగింది.

సెంటరు బెంగళూరులో పడింది. పరీక్ష డిసెంబరులో ఆదివారం, మధ్యాహ్నం రెండింటికి. పొద్దున ఏడు గంటల బస్సు ఎక్కితే సరిపోతుందని మేమంటాం, ఆరు గంటలదే ఎక్కాలని పెద్దన్న అంటాడు. హాల్‌టికెట్టు ఆయనే రెండు కాపీలు తీయించి, ఒకటి బీరువాలో, ఒకటి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.