పిన్ని బయట, కుక్క లోపల: తలుపు గడియ చెప్పే చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. తలుపు ఉంది, గడియ ఉంది, ఒక కుక్క ఉంది.

ఒక సీన్ ఊహించుకోండి. మీ పిన్ని వాళ్ళు నాలుగు రోజులు తిరుపతి వెళ్ళారు. ఇండిపెండెంట్ హౌస్. కుక్కని చూసుకోమని తాళాలు మీకిచ్చారు. రాత్రి అక్కడే పడుకున్నారు, భయమేసి ముందు తలుపుకి లోపల టవర్ బోల్ట్ పెట్టారు. పొద్దున కుక్కకి అన్నం పెట్టి, బండి పెరట్లో ఉంది కాబట్టి వెనక తలుపు నుంచి బయటికొచ్చి దానికి తాళం కప్ప వేసి వెళ్ళిపోయారు. ఆ రాత్రి మీ రూంలో మీరు నిద్రపోతున్నారు, ఫోన్ సైలెంట్‌లో ఉంది. తెల్లవారుజామున నాలుగున్నరకి పిన్ని వాళ్ళు దిగారు. వాళ్ళ దగ్గరున్నది ముందు తలుపు తాళంచెవి. పెట్టారు, తిరిగింది, నైట్ లాచ్ వెనక్కి వెళ్ళింది. తలుపు మాత్రం కదల్లేదు. లోపల కుక్క అరుస్తోంది, బయట బాబాయ్ అరుస్తున్నాడు.

ఇది చాలా ఇళ్ళల్లో జరిగే కథే. నాకు ఇందులో ఇంట్రెస్టింగ్‌గా అనిపించేది ఏంటంటే, ఇక్కడ తాళం ఫెయిల్ కాలేదు. తాళంచెవి దాని పని అది చేసింది. ఆపింది గడియ. తాళంచెవి కన్నా పాతది, అందులో ఏ టెక్నాలజీ లేనిది. ఆ రెండింటి మధ్య గొడవ వేల ఏళ్ళ నుంచి నడుస్తోంది.

మొదట్లో తలుపుకి ఉన్నది గడియే. ఒక అడ్డకర్ర. లోపల ఉన్నవాళ్ళు వేసుకుంటారు, తీసుకుంటారు. మరి అందరూ బయటికి వెళ్ళాలంటే? ఎవరో ఒకరు లోపల ఉండిపోవాలి. ఇదీ అసలు ప్రాబ్లం. తాళంచెవి పుట్టింది దొంగని ఆపడానికి కాదు, లోపలి గడియని బయటి నుంచి కదపడానికి.

గ్రీకులు దీనికి ఒక చిట్కా కనిపెట్టారు. హోమర్ రాసిన ఒడిస్సీ 21వ భాగంలో పెనెలోపి అనే రాణి భర్త విల్లు తేవడానికి కొట్టుగదికి వెళ్తుంది. తలుపుకి ఒక తోలు పట్టీ కట్టి ఉంటుంది. అది విప్పి, రంధ్రంలోంచి కంచు తాళంచెవి దూర్చి, లోపల ఉన్న గడియని నెడుతుంది. బయటికొచ్చేటప్పుడు పట్టీ లాగితే గడియ పడుతుంది, తెరవాలంటే వంకర కొక్కెం లాంటి చెవి కావాలి. ఐడియా బాగుంది. కాకపోతే అలాంటి వంపే ఉన్న కొక్కెం ఇంకెవడి దగ్గరున్నా పని అయిపోతుంది.

దీనికి మందు ఈజిప్టు, మధ్య ప్రాచ్యం వాళ్ళ చెక్క తాళం. గడియ పైన చిన్న చిన్న మేకుల్లాంటి చెక్క ముక్కలుంటాయి. గడియ మూయగానే అవి వాటి బరువుకి అవే కిందకి జారి గడియ కన్నాల్లో కూర్చుంటాయి. పెద్ద టూత్‌బ్రష్ లాంటి చెక్క తాళంచెవి దూర్చి పైకి ఎత్తితే ఆ మేకులన్నీ ఒకేసారి లేస్తాయి, గడియ జారుతుంది. స్ప్రింగ్ లేదు, ఇనుము లేదు, భూమ్యాకర్షణ ఒక్కటే. ఈరోజు మీ జేబులో ఉన్న తాళంచెవి పళ్ళు చేసే పని కూడా ఇదే.

ఇప్పుడు మన ఊళ్ళకి వద్దాం. పాత ఇళ్ళల్లో తలుపుకి లోపల గడియ, బయట గొళ్ళెం. గొళ్ళానికి తాళం కప్ప. రాయలసీమలో బీగం అంటారు. మన భాష దీనికి చెవి కూడా ఇచ్చింది చూడండి, తాళంచెవి, బీగంచెవి. ఈ పాత ఏర్పాటులో నాకు బాగా నచ్చేది ఒకటుంది. తాళం కప్ప బయట వేలాడుతోందంటే ఆ తలుపుకి లోపల గడియ లేనట్టే. తాళం లేకుండా తలుపు బిగుసుకుని ఉందంటే లోపల గడియ పడినట్టే. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, సిస్టం ఏ స్టేట్‌లో ఉందో వీధిలో పోయేవాడికి కూడా కనిపిస్తుంది. ఊరెళ్ళేటప్పుడు పెద్దవాళ్ళు ముందు పెరటి తలుపు గడియ వేసి, ఆఖర్న వీధి తలుపుకి తాళం వేసేది ఇందుకే. ఆ వరస తిరగబడిందా, పైన చెప్పుకున్న పిన్ని కథే.

ఇక్కడి నుంచి కథ ఇంగ్లండ్‌కి మారుతుంది, ఎందుకంటే తాళం అనేది దొంగతో పోటీగా మారింది అక్కడే. 1817లో పోర్ట్స్‌మత్ నౌకాశ్రయంలో దొంగ తాళాలతో చోరీ జరిగింది. సొంత చెవికి తప్ప దేనికీ లొంగని తాళం చెయ్యండని ప్రభుత్వం పోటీ పెట్టింది. 1818లో జెరెమియా చబ్ డిటెక్టర్ తాళం తెచ్చాడు. ఎవడైనా కెలికితే, లోపలి లివర్ ఒకటి మరీ పైకి లేచి అక్కడే ఇరుక్కుపోతుంది. అంతే, తాళం బిగుసుకుపోతుంది. ఇక యజమాని సొంత చెవి పెట్టినా తెరుచుకోదు! మొదట్లో దాన్ని సరిచేయడానికి ఇంకో ప్రత్యేకమైన చెవి కావాల్సి వచ్చేది. తర్వాతి మోడల్స్‌లో మామూలు చెవినే వెనక్కి తిప్పితే సరిపోయేలా మార్చారు.

తప్పు పిన్ పదే పదే కొడితే ఏటీఎం కార్డు బ్లాక్ అవుతుంది కదా, దాని ముత్తాత ఇదే. యజమాని ఇబ్బంది పడినా పర్లేదు, దొంగ మాత్రం లోపలికి రాకూడదు అనే నిర్ణయం ఇక్కడ యంత్రంలోనే పెట్టేశారు. అయితే ఒక తేడా ఉంది. చబ్ తాళం కనీసం ఎవడో కెలికాడని యజమానికి చెప్పేది. టవర్ బోల్ట్ ఎవరికీ ఏమీ చెప్పదు.

ఆ తాళాన్ని ఓడ జైల్లో ఉన్న ఒక ఖైదీకిచ్చారు. బయట ఉన్నప్పుడు అతని వృత్తే తాళాలు చేయడం. తెరిస్తే ప్రభుత్వం క్షమాభిక్ష ఇస్తుంది, చబ్ 100 పౌండ్లు ఇస్తాడు. రెండు మూడు నెలలు కుస్తీ పట్టి వదిలేశాడు పాపం. ఆ తర్వాత 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకి అమెరికా నుంచి ఏ.సి. హాబ్స్ అనే తాళాల నిపుణుడు వచ్చి, అదే రకం తాళాన్ని దాదాపు 25 నిమిషాల్లో తెరిచేశాడు. ఎలా అంటే, దొంగని పట్టుకోవడానికి పెట్టిన ఆ డిటెక్టర్‌నే దారి చూపించే గుర్తుగా వాడుకున్నాడు. ‘యూజర్ నేమ్ కరెక్టే, పాస్‌వర్డ్ తప్పు’ అని చెప్పే వెబ్‌సైట్లు చేసేది సరిగ్గా ఈ పొరపాటే. బ్రామా అనే ఇంకో ఫేమస్ తాళాన్ని పికడిల్లీలో షాపు కిటికీలో పెట్టి, తెరిచినవాడికి 200 గినీలని దశాబ్దాలుగా సవాల్ విసిరేవారు. దానికి హాబ్స్‌కి 16 రోజుల్లో మొత్తం 51 గంటలు పట్టింది. డబ్బులు తీసుకున్నాడు.

ఇన్ని పోటీల్లో ఒక్కరు కూడా అడగని ప్రశ్న ఒకటుంది. దొంగ కాదు, మనవాడే, నమ్మి తాళాలిచ్చిన మనిషి, ఏ చెడు ఉద్దేశం లేకుండా తలుపు మూసేస్తే ఏంటి? బహుమతులన్నీ చెడ్డవాణ్ణి ఆపినందుకే ఇచ్చారు. మంచివాడు చేసే గందరగోళానికి ఎవరూ పైసా ప్రైజ్ పెట్టలేదు.

పైగా తర్వాత వచ్చిన మార్పు ఆ గందరగోళాన్ని పెంచింది. అమెరికాలో లైనస్ యేల్ జూనియర్ 1861, 1865 పేటెంట్లతో పాత ఈజిప్టు మేకుల పద్ధతినే చిన్న ఇత్తడి సిలిండర్‌లోకి కుదించాడు. బరువైన తాళంచెవి పోయి జేబులో పట్టే పల్చటి చెవి వచ్చింది. ఆ సిలిండర్‌ని స్ప్రింగ్ లాచ్‌కి బిగిస్తే, అదే మన నైట్ లాచ్. స్ప్రింగ్ లాచ్‌లు అంతకుముందే ఉన్నాయి కానీ, ఇది ఇంటింటికీ చేరింది. తలుపు గాలికి పడినా లాక్ అయిపోతుంది. అంతకుముందు తలుపుకి తాళం పడాలంటే ఒక మనిషి పూనుకుని వెయ్యాలి. ఇప్పుడు స్ప్రింగ్ వేసేస్తుంది. చెత్త బుట్ట బయట పెట్టడానికి వెళ్ళి నైటీలో మెట్ల మీద కూర్చున్న ఆంటీలందరూ దీని బాధితులే. చెవి తిప్పితే గానీ పడని తాళం కప్పలు ఇంకా దొరుకుతున్నాయి, నా ఓటు వాటికే.

మన దేశంలో ఈ కథకి పెద్ద పేరు అర్దేషిర్ గోద్రెజ్. లాయర్ చదువు చదివి, ఆ వృత్తి వదిలేసి, 1897లో బొంబాయిలో తాళాల తయారీ మొదలుపెట్టాడు. అప్పుడు కూడా కారణం ఊళ్ళో పెరిగిన దొంగతనాలే. అలీగఢ్ తాళాలు మన సంతల్లో ఎంత ఫేమస్సో మీకు చెప్పక్కర్లేదు.

చిన్న పక్కదారి. తలుపు విషయంలో జంతువుకే మర్యాద దక్కిన చోటు కూడా ఒకటుంది. ఇంగ్లండ్‌లో ఎక్సెటర్ కెథడ్రల్ పాత లెక్కల పుస్తకాల్లో ఎలకలు పట్టే పిల్లికి వారానికి ఒక పెన్నీ ఖర్చు రాసి ఉంటుంది. అక్కడ గడియారం కింద ఉన్న తలుపుకి పిల్లి కోసం గుండ్రటి కన్నం కూడా ఉంది. మనిషి తాళం వెతుక్కుంటుంటే పిల్లి దర్జాగా వెళ్ళొచ్చు.

మరి స్మార్ట్ లాక్ వస్తే ఇవన్నీ పోతాయా? 2017 ఆగస్టులో లాక్‌స్టేట్ అనే కంపెనీ ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పంపితే సుమారు 500 తలుపు తాళాలు పనిచేయడం మానేశాయి. వాటిలో ఎయిర్‌బీఎన్‌బీకి అద్దెకిచ్చే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఇక 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ గంటల తరబడి ఆగిపోయింది గుర్తుందా? మెయింటెనెన్స్‌లో సొంత ఇంజనీర్లు ఇచ్చిన ఒక్క కమాండ్ వాళ్ళ నెట్‌వర్క్ మొత్తాన్ని ఇంటర్నెట్ నుంచి తప్పించేసింది. హ్యాకర్ ఎవడూ లేడు. బాగుచేద్దామంటే లోపలి టూల్స్ పనిచేయవు, కొంతమంది ఉద్యోగుల బ్యాడ్జీలకి ఆఫీసు తలుపులు కూడా తెరుచుకోలేదు. లోపల సర్వర్లు, బయట వాటి యజమానులు.

సరే, ఉంటానండి. వెళ్ళేముందు ఒక్క ప్రశ్న. మీ ఇంట్లో తాళం కప్పని ఏమంటారు? కప్పా, బీగమా, ఇంకేదైనా పేరుందా? జిల్లా పేరుతో సహా రాయండి. తర్వాతి ఎపిసోడ్‌లో మ్యాప్ మీద పెట్టి చూద్దాం.