నార్వే కథలకు రూపమిచ్చిన రేఖలు

కథ నోటిమాటగా నడచినంత కాలము అందలి రాజు ఎట్లుండునో, రాక్షసుడు ఎట్లుండునో నిర్ణయించు అధికారము వినువారిదే. ఈ సంగతి రేడియో శ్రోతలకు మేము వేరుగా చెప్పనక్కరలేదు. ఆ కథ అచ్చుపడి, దాని ప్రక్కన బొమ్మ చేరిననాడు ఒక చిత్రకారుని ఊహయే అందరి ఊహ యగును. అది ఎంత బరువైన బాధ్యతయో నార్వే దేశపు కథాసంపుటముల చరిత్రవలన తెలియగలదు.

నార్వే 1814 వరకు డెన్మార్కు రాజుల ఏలుబడిలో ఉన్నది. పిమ్మట 1905 వరకు స్వీడను రాజే నార్వేకును రాజు. పల్లెలలో పలుకునది ఒక భాష, పుస్తకములలో వ్రాయునది డేనిష్ భాష. ఈ స్థితిలో ఇద్దరు మిత్రులు పల్లెటూళ్లు తిరిగి జనుల నోటనున్న కథలను సేకరించినారు. ఒకరు జంతుశాస్త్రము నభ్యసించిన ఆస్‌బ్యోర్న్‌సెన్. మరియొకరు తరువాతి కాలమున బిషప్పు పదవి నందిన మూ. వారి కథలు 1841 నుండి చిన్న సంచికలుగా వెలువడి, వ్రాతభాషలోనికి పల్లెపలుకును తెచ్చినవి. ఇక పల్లె ముఖమును చూపవలసిన పని చిత్రకారులది.

1879లో పలువురు చిత్రకారుల బొమ్మలతో ఒక సంపుటము వెలువడినది. వారిలో ఎరిక్ వెరెన్‌షోల్ యువకుడు. మ్యూనిక్ నగరమున చిత్రకళ నేర్చుచున్న తన మిత్రుడు థియొడోర్ కిట్టెల్సెన్‌ను ఈ పనిలోనికి తెచ్చినవాడు అతడే. 1883 మొదలు 1887 వరకు వచ్చిన పిల్లల కథాసంపుటములకు వీరిద్దరే ముఖ్య చిత్రకారులు.

వెరెన్‌షోల్ గీసిన రాజును చూచినవారికి మొదట నవ్వు వచ్చును. ఆ రాజు కలిగిన రైతువలె చుట్టగొట్టము పట్టుకొని ఇంటి గుమ్మమున నిలిచియుండును. పల్లెలో కథ చెప్పిన ముసలిది రాజధానిని చూచి యెరుగదు. ఆమె ఎరిగిన పెద్దయిల్లు మోతుబరి రైతుదే. చిత్రకారుడు ఆ చూపును గౌరవించినాడు. పరదేశపు రాజును మ్రొక్కుచుండిన జనులకు, కథలోనైనను, తమ ఊరి మనిషి రాజై కనబడినాడు.

కిట్టెల్సెన్ 1857లో క్రాగెర్యో అను రేవుపట్టణమున జన్మించినాడు. చిన్ననాడే తండ్రి పోగా గడియారములు బాగుచేయువాని వద్ద పనికి కుదిరినాడు. అతని చేతిలో ట్రోల్ అను కొండరాక్షసుడు కొండయే యైనాడు: ఒడలిపై నాచు, నెత్తిన చెట్లు. అడవిలో ప్రొద్దుగ్రుంకువేళ బండను చూచి బెదరిన బాలుని చూపు అది. జంతువులయందును అతనికి మక్కువ మెండు. కప్పలకును ఎలుకలకును జరిగిన యుద్ధమును వర్ణించు ప్రాచీన గ్రీకు హాస్యకావ్యమునకు 1885లో బొమ్మలు గీసినాడు. 1894లో, జంతువులకు ఆత్మ కలదా యను ప్రశ్నయే పేరుగా మరియొక చిత్రసంపుటము ప్రకటించినాడు. అందు పురుగులు, కప్పలు మనుష్యుల గర్వమును, దుఃఖమును అభినయించును.

కీర్తి వచ్చినను కలిమి రాలేదు. అనారోగ్యముతోను, ఇబ్బందులతోను కృశించి 1914లో అతడు కన్నుమూసినాడు. నేడును ట్రోల్ అనగానే నార్వే బాలుని మనస్సున మెదలునది అతని రేఖయే.

అట్లయిన శ్రోత ఊహ కొల్లపోయినట్లేనా? 1904లో కిట్టెల్సెన్ గీసిన జలభూతము చిత్రము మాకు జ్ఞప్తికి వచ్చుచున్నది. నల్లని మడుగు; నీటిపైన కొంచెము తల, రెండు కన్నులు; అంతే. తక్కిన దేహమంతయు నీటి క్రింద ఉన్నది. అది ఎంతటిదో, ఎట్టిదో చూచువాడే ఊహింపవలెను. కథ చెప్పు అవ్వ శ్రోతకు విడిచిన పాలును చిత్రకారుడును విడువగలడని ఆ రెండు కన్నులు సాక్ష్యమిచ్చుచున్నవి.