ఆర్.ఎన్.ఏ. ఆకృతి: అయస్కాంత అనునాద పరిశోధన చరిత్ర

ద్రావణమందున్న ఆర్.ఎన్.ఏ. అణువులను బలమైన అయస్కాంత క్షేత్రములో నుంచి, వాని పరమాణు కేంద్రకములు రేడియో తరంగములకు స్పందించు తీరునుబట్టి ఆకృతిని నిర్ణయించు విధానము కేంద్రక అయస్కాంత అనునాద వర్ణపటశాస్త్రములో నొక ముఖ్య శాఖ. ఎక్స్‌రే పద్ధతికి స్ఫటికము కావలెను, ఆర్.ఎన్.ఏ. యన్ననో ఒంటిపేటగా పుట్టి, తనమీదకు తానే మడతపడి, పరిసరములనుబట్టి రూపము మార్చుకొనునది. కావున నీటిలో చలించుచున్న అణువును ఉన్నదున్నట్లు పరిశీలింపగల ఈ విధానము దానికి మిక్కిలి తగియున్నది.

అయస్కాంత అనునాదమును 1946లో స్టాన్‌ఫర్డున ఫెలిక్స్ బ్లాక్, హార్వర్డున ఎడ్వర్డ్ పర్సెల్ వేరువేరుగా ద్రవ, ఘన పదార్థములలో గుర్తించి, 1952లో నోబెల్ బహుమానమును పంచుకొనిరి. ఈథైల్ ఆల్కహాలులోని హైడ్రోజనులు తమ స్థానభేదమునుబట్టి మూడు వేర్వేరు శిఖరములుగా కనబడునని 1951లో ఆర్నాల్డ్, ధర్మట్టి, ప్యాకార్డ్ అనువారు చూపుటతో, భౌతికశాస్త్రజ్ఞుల పరికరము రసాయనశాస్త్రజ్ఞుల చేతికి వచ్చెను. వీరిలో ఎస్. ఎస్. ధర్మట్టి భారతీయుడు, బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థయందు ఈ విద్యకు పునాది వేసినవారును ఆయనయే.

ఆర్.ఎన్.ఏ. విషయమున తొలి విజయము 1971 నాటిది. కెర్న్స్, దిన్షా పటేల్, షుల్మన్ అనువారు, ప్రోటీను నిర్మాణమునకు అమైనో ఆమ్లములను చేరవేయు టి-ఆర్.ఎన్.ఏ.ను మామూలు నీటిలో కరగించి పరిశీలించిరి. గ్వానీను, యురాసిలు క్షారములలో నత్రజని నంటియున్న ఇమినో హైడ్రోజను నీటితో ఎడతెగక మారకము పొందుచు సంకేతమీయక మరుగుపడును. క్షారము జతగూడి హైడ్రోజను బంధములో చిక్కినపుడు మాత్రమే ఆ మారకము మందగించి శిఖరము తేలును. ఇవి పౌనఃపున్యపు తేడా పది లక్షలలో 11 మొదలు 15 భాగముల వరకుగల ప్రత్యేక ప్రాంతమున, ఇతర హైడ్రోజనుల గుంపునకు దూరముగా వెలువడును గనుక, శిఖరముల నెంచినచో జతలు లెక్కకు వచ్చును.

ఏ శిఖరము ఏ హైడ్రోజనుదో తేల్చుటకు ద్విపరిమాణ పద్ధతులు తోడ్పడినవి. 1980లో జ్యూరిచ్ నగరమున అనిల్ కుమార్, ఎర్న్‌స్ట్, వ్యూత్రిష్ ప్రభృతులు ప్రోటీనులపై ప్రయోగించిన నోయెసీ పద్ధతిలో, ఇంచుమించు 5 ఆంగ్‌స్ట్రాముల లోపలనున్న హైడ్రోజనులు పరస్పరము సంకేతము నిచ్చుకొనును. దూరము రెట్టింపైనచో ఆ సంకేతము 64వ వంతునకు తగ్గును. 1987లో ఊలెన్‌బెక్ బృందము టి7 పాలిమరేజు అను ఎంజైముతో ఆర్.ఎన్.ఏ.ను సమృద్ధిగా తయారుచేయు మార్గమును విస్తరింపజేయగా, 1990లో బర్క్‌లీయందు టినోకో శిష్యులు ఆర్.ఎన్.ఏ.లోని యు-యు-సి-జి మెలిక ఆకృతిని సాధించిరి. 1992 నుండి కర్బనము-13, నత్రజని-15 ఐసోటోపులు కూర్చిన నమూనాలు వాడుకలోనికి వచ్చెను. 1996లో పుగ్లీసీ బృందము రైబోసోము భాగమైన 27 న్యూక్లియోటైడుల ఆర్.ఎన్.ఏ.లో పారోమోమైసిను మందు ఎచ్చట అతుకుకొనునో చూపి, సూక్ష్మజీవుల ప్రోటీను నిర్మాణమును ఆ మందు చెరచు మర్మమును వెల్లడించెను.

తెలుగువారిలో బి. డి. నాగేశ్వరరావు, మిల్డ్రెడ్ కోన్‌తో కలిసి, ఎంజైములకు అతుకుకొనియున్న ఏ.టి.పి.ని ఫాస్ఫరసు-31 అనునాదముచే పరిశోధించిరి, ఆర్.ఎన్.ఏ. నిర్మాణమునకు వలయు నాలుగు మూలద్రవ్యములలో ఏ.టి.పి. యొకటి. గిర్జేశ్ గోవిల్‌తో కలిసి కె. వి. ఆర్. చారి రచించిన జీవవ్యవస్థల అనునాద గ్రంథము 2008లో వెలువడెను. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్ర (సి.సి.ఎం.బి.) పరిశోధకులు రెండుపేటల ఆర్.ఎన్.ఏ.ను పట్టుకొను ప్రోటీనులను, అందును వైరసులనుండి మొక్కను కాపాడు వ్యవస్థకు చెందిన డి.ఆర్.బి.4 ప్రోటీనును, ఈ విధానముననే పరిశీలించిరి.

ఈ పరిశోధన నంద్యాల, ఆళ్లగడ్డ నల్లరేగడి నేలల సేద్యమునకు దూరమైనది కాదు. 2000లో అనంతపురము జిల్లా వేరుశనగను నాశనము చేసినదియు, ఆ నల్లరేగడి నేలలలో పండు పొద్దుతిరుగుడులో నెక్రోసిస్ తెగులును కలిగించునదియు నైన టొబాకో స్ట్రీక్ వైరసునకు జన్యుద్రవ్యము ఆర్.ఎన్.ఏ.యే. వయ్యారిభామ పుప్పొడిలోని ఈ వైరసును తామరపురుగులు పైరునకు చేర్చును. దీని జన్యుద్రవ్యము మూడు ఆర్.ఎన్.ఏ. తునకలు, వైరసు కవచ ప్రోటీను ఆ తునకల కొసలకు అతుకుకొననిదే వ్యాధి ప్రారంభము కాదు. ఆ కొసల ఆకృతిని, దానిని గుర్తించు ప్రోటీనుల పట్టును తెలిసికొనుటయే తెగులునకు మూలమును తెలిసికొనుట. అణువు పెద్దదగుకొలది శిఖరము లొకదానిపై నొకటి పడి చిక్కు కలిగించుచున్నను, ఐసోటోపులతో, చిన్న ఖండములతో శాస్త్రజ్ఞులు ఆ చిక్కును విడదీయుచు ముందుకు సాగుచున్నారు.